ఆగస్టులో టెక్సస్ తీరం: లూర్లతో చేపలు పట్టేవారికి ఏ ఊరు, ఏ బస, ఎలాంటి పడవ

ఆగస్టులో ఇక్కడ సూర్యోదయం 7 గంటలకు కాస్త అటూ ఇటూ అవుతుంది. లోతు తక్కువ నీళ్లలో చేపలు లూర్ (కృత్రిమ ఎర) వెంట ఉత్సాహంగా పడేది 6:15 నుంచి 9:30 దాకానే. ఎండ ఎక్కాక నీటి వేడి 90 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు దగ్గరవుతుంది, నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది, ఇక్కడ ఎక్కువగా పట్టే చుక్కల ట్రౌట్ చేప లోతుకు జారుకుంటుంది. అందుకే ఊరినీ బసనూ పడవనూ ఒకే ప్రశ్నతో తూచాలి: తెల్లవారేసరికి మన కాళ్లు నీళ్లలో ఉంటాయా?

గాల్వెస్టన్ హ్యూస్టన్ వాళ్లకు దగ్గర. అక్కడి స్టేట్ పార్కులో బే (ద్వీపం వెనక నిలకడ నీళ్లు) వైపు కయాక్‌కు, అంటే తెడ్డుతో నడిపే చిన్న పడవకు, బాగుంటుంది. పార్కు లోపల ఒడ్డు నుంచి గాలం వేస్తే లైసెన్సు కూడా అక్కర్లేదు. పగటి సందర్శకులకు గేటు వేళలుంటాయి కాబట్టి ముందురోజు రాత్రే క్యాంపు వేసుకుంటే తెల్లవారుజాము మన చేతిలో ఉంటుంది. బే నీళ్లు సాధారణంగా మసకగా ఉంటాయి, ముదురు రంగు మెత్తని ప్లాస్టిక్ లూర్‌కు పసుపుపచ్చ తోక ఉన్నది మేలు. ఎండ ముదిరాక సముద్రంలోకి పేర్చిన జెట్టీ రాళ్ల వైపు వెళ్లాలి. అక్కడ లోతూ ప్రవాహమూ రెండూ ఉంటాయి, 10 గంటలు దాటినా చేప పలుకుతుంది. పావు ఔన్సు నుంచి 3/8 ఔన్సు జిగ్‌హెడ్ (తల దగ్గర బరువు గుండు ఉన్న గాలం) కావాలి. రాళ్ల సందుల్లో నాలుగైదు పోతాయని ముందే లెక్కేసుకోండి. నాచు పట్టిన రాయి మీద మామూలు చెప్పులు ప్రమాదం.

పోర్ట్ అరాన్సస్‌లో గదులకు కొదవలేదు గానీ లైట్‌హౌస్ లేక్స్ కయాక్ దారులకు పోవాలంటే ఫెర్రీ దాటాలి. ఫెర్రీ ఉచితమే, దాటడానికి కొద్ది నిమిషాలే పడుతుంది. వారాంతం పగటిపూట వరుస మాత్రం పొడుగు. కయాక్ కోసమే వచ్చేవారు అవతలి ఒడ్డున అరాన్సస్ పాస్‌లో దిగితే ఆ బెడద లేదు. అద్దె కయాక్ విషయంలో చాలామంది ఒకచోటే దెబ్బతింటారు: దుకాణం 8కో 9కో తెరుస్తుంది, అప్పటికి పని అయిపోతుంది. ముందురోజు సాయంత్రమే ఇచ్చేవాళ్ల దగ్గరే తీసుకోవాలి.

నా తూకంలో మాత్రం లూర్లకు అన్నిటికన్నా మొగ్గు ఎగువ లగూనా మాద్రే (కార్పస్ క్రిస్టీకి దక్షిణంగా, పాడ్రే ద్వీపం వెనక ఉన్న ఉప్పునీటి మడుగు) వైపే. సగటు లోతు ఒక మీటరు చిల్లర, అడుగంతా సముద్రపు గడ్డి. ప్యాకరీ ఛానల్‌కు దక్షిణంగా పోర్ట్ మాన్స్‌ఫీల్డ్ వరకు సముద్రానికి మరో దారి లేదు. అందువల్ల ఆటుపోట్ల పట్టిక ఇక్కడ పెద్దగా పనికిరాదు, నీటిని కదిపేది గాలే. ఆగ్నేయపు గాలి మధ్యాహ్నానికి బలపడుతుంది, ఉదయం మందంగా ఉంటుంది. పాడ్రే ఐలండ్ నేషనల్ సీషోర్‌లో బర్డ్ ఐలండ్ బేసిన్ దగ్గర పడవ దించే చోటు, క్యాంపు చోట్లు ఉన్నాయి, కారు దిగి నేరుగా నీళ్లలోకి నడవొచ్చు. కరెంటు లేదు, నీడ లేదు. ఆగస్టు రాత్రి టెంటులో నిద్ర పట్టదు. చిన్నపిల్లలుంటే కార్పస్ క్రిస్టీ వైపు ఏసీ గది తీసుకుని, 5 గంటలకు బయల్దేరండి.

ఇక్కడ పద్ధతి ఇది. వెలుగు రాకముందు నీటిపై తేలే లూర్, ఆపి ఆపి లాగాలి. చేప తట్టి వదిలేస్తుంటే విసురుగా లాగకండి, బరువు చేతికి తెలిసేదాకా అదే వేగంతో చుట్టండి. ఎండ పడగానే 1/8 ఔన్సు, గడ్డి పైకి వచ్చిన చోట 1/16 ఔన్సు జిగ్‌హెడ్‌పై 3 నుంచి 5 అంగుళాల ప్లాస్టిక్. బరువెక్కువైతే ప్రతి విసురుకూ గడ్డి ముద్దే వస్తుంది. రెడ్‌ఫిష్‌కు గడ్డి పట్టని బంగారు రంగు స్పూన్ (చెంచా ఆకారపు లోహపు లూర్) చాలు. 7 అడుగుల రాడ్, 2500 సైజు రీల్, 10 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన దారం), దాని చివర లూర్‌కు ముందు రెండడుగుల 20 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడర్. 9 దాటాక గడ్డి అంచున 4 నుంచి 6 అడుగుల లోతుకు దిగే చోట వేయండి. ప్లాస్టిక్ లూర్లను కారులో వదిలితే కరిగి ముద్దవుతాయి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఐస్‌పెట్టె పక్కన ఉంచండి.

గైడును మాట్లాడుకునేటప్పుడు ధర కన్నా ముందు అడగాల్సినవి ఉన్నాయి: ఎన్నింటికి బయల్దేరతారు, నీళ్లలోకి దింపి నడిపిస్తారా లేక పడవలోంచేనా, లూర్లేనా లేక బతికున్న రొయ్య ఎరా. వేసవిలో చాలామంది రొయ్యకే మళ్లుతారు, ముందు చెప్పకపోతే మన రోజూ అలాగే గడుస్తుంది. గడ్డిని ప్రొపెల్లర్‌తో పెకలించడం 2013 నుంచి రాష్ట్రమంతటా నేరం, కాబట్టి లోతు తక్కువ నీళ్లలో ఇంజన్ ఎత్తి, కర్రతో నెట్టే మనిషి దొరికితే అతనే మంచి గైడు. బాగా చేస్తే 15 నుంచి 20 శాతం టిప్ ఇక్కడి మర్యాద.

నీళ్లలో నడిచేటప్పుడు పాదం ఎత్తి వేయకూడదు, ఈడుస్తూ కదలాలి, తోకలో విషపు ముల్లున్న స్టింగ్‌రే చేప అలికిడికి తప్పుకుంటుంది. ఒంటిపై పచ్చి గాయం ఉంటే ఆ రోజు దిగొద్దు. వెచ్చని ఉప్పునీళ్లలో విబ్రియో బ్యాక్టీరియా పెరుగుతుంది, గాయం గుండా ఎక్కితే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. మనిషికి 4 లీటర్ల మంచినీళ్లు తప్పనిసరి.

ట్రౌట్ రోజుకు 3, పొడవు 15 నుంచి 20 అంగుళాలు. రెడ్‌ఫిష్ కూడా 3, 20 నుంచి 28 అంగుళాలు. లైసెన్సుతో వచ్చే ట్యాగ్ వాడితే తప్ప 28 అంగుళాలు దాటిన రెడ్‌ఫిష్‌ను ఉంచుకోకూడదు. వేడి నీళ్లలో అలసిన ట్రౌట్ వదిలినా బతకడం కష్టం, మూడుముళ్ల గాలాలు తీసి ఒంటిముల్లు పెట్టండి, తడిచేత్తో పట్టుకుని నీళ్లలోనే విప్పండి. ఉంచుకునే చేపను తాడుకు గుచ్చి వేలాడదీస్తే ఈ వేడిలో కండ మెత్తబడుతుంది, ఐస్‌లో ఉప్పునీళ్లు కలిపి అందులో ముంచాలి. చాలా రకాల వార్షిక లైసెన్సులు ఆగస్టు 31తో ముగుస్తాయి, సెప్టెంబరు 1 తెల్లవారుజామున నీళ్లలో ఉండదలిస్తే కొత్తది ముందే తీసి పెట్టుకోండి.