తెలుగు డబ్బింగ్ కొరియన్ డ్రామాల యాప్, మూడు నెలలు చూశాక

ప్యాక్ అయిపోవచ్చింది కాబట్టి రాస్తున్నా. యాప్ పేరు ఎందుకులెండి.

నేనైతే సబ్‌టైటిల్స్‌తోనే చూసేదాన్ని, దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేట్‌లో మారి హైటెక్ సిటీలో దిగేలోపు ఒక ఎపిసోడ్ దాదాపు లాగించేస్తా. తెలుగు ఆడియో ఉన్న ప్యాక్ తీసుకుంది మా అత్తమ్మ కోసం. మన సీరియల్స్ వెయ్యి ఎపిసోడ్లు దాటినా తెగవు, ఇవేమో చాలావరకు 16 ఎపిసోడ్లకే కథ కంచికి, ఆ ఒక్క ముక్కకే ఆమె పడిపోయింది.

గొంతులు బానే ఉన్నాయి. మేం చూసినదాంట్లో హీరోయిన్ వాళ్ళ నాన్నకి చెప్పినాయన అయితే మస్తు చెప్పాడు, తాగొచ్చి గుమ్మంలో బూట్లు విప్పుకుంటూ ఏదో గొణుగుతాడు చూడండి, ఆ గొణుగుడు అచ్చం మా చిన్న మామయ్యే. తేడా అంతా మాటల రాతలో. కొరియన్‌లో కూడా మనలాగే మర్యాద మాటలు వేరు, చనువు మాటలు వేరు, ఒక్క ఏడాది పెద్దైనా లెక్కే, "మీరు" నుంచి "నువ్వు"కి రావడమే వాళ్ళ లవ్ స్టోరీల్లో పెద్ద సీను. ఇంగ్లీష్‌లో ఉన్నది ఒక్క "యూ"నే కాబట్టి సబ్‌టైటిల్స్‌లో అది తేలదు, తెలుగులో అయితే ఎంత ఈజీ అసలు! వీళ్ళేమో మొదటి ఎపిసోడ్ నుంచే ఆ పిల్ల చేత బాస్‌ని నువ్వు అనిపించేశారు. ఎనిమిదో ఎపిసోడ్‌లో రోడ్డు పక్క టెంట్ కొట్టులో కూర్చుని సోజు (వాళ్ళ మందు) గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, మొహం పక్కకి తిప్పుకుని తాగుతుంది (పెద్దవాళ్ళ ముందు అలాగే తాగాలి అక్కడ), అప్పుడతను "ఇకనుంచి చనువుగా మాట్లాడుకుందామా" అంటాడు, ఆమె కళ్ళనిండా నీళ్ళు, వెనక పియానో. అత్తమ్మ నా వైపు తిరిగి "ఇన్ని రోజులు గట్లనే మాట్లాడుకుంటున్నరు గదా బిడ్డా?" అంది. ఏం చెప్పాలి నేను. కొరియన్ వినకుండా ఇంగ్లీష్ స్క్రిప్ట్ ముందేసుకుని రాసుంటారని నా డౌట్.

పోనీ ఆ నాన్న గొంతు ఎవరిదో చూద్దామంటే చివర్లో పేర్ల కార్డు వచ్చేలోపే తర్వాతి ఎపిసోడ్‌కి దూకేస్తుంది. రిమోట్‌తో కుస్తీ పట్టి మూడోసారికి ఆపగలిగా, హిందీ వాళ్ళ పేర్లున్నాయి, తమిళం వాళ్ళవున్నాయి, మనవాళ్ళవి లేవు. రాజశేఖర్‌కి సాయికుమార్ గొంతు అని చిన్నపిల్లలు కూడా చెప్పే ఊళ్ళో, డబ్బింగ్ ఆర్టిస్టులకి నంది అవార్డులు ఇచ్చిన చోట ఇదేం పద్ధతండీ? కృష్ణానగర్‌లో రూమ్ తీసుకుని స్టూడియోల చుట్టూ తిరిగేవాళ్ళలో ఒకాయనేమో, ఇంట్లోవాళ్ళకి చూపించుకోవడానికైనా పేరు ఉండాలిగా.

ఇంకోటి, యాడ్ వచ్చి వెళ్ళాక ఆడియో కొరియన్‌లోకి మారిపోతుంది, కస్టమర్ కేర్ చాట్‌లో యాప్ తీసేసి మళ్ళీ వేసుకోమన్నారు, రెండుసార్లు వేసుకున్నా అదే కథ. డౌన్‌లోడ్ చేసుకుంటే మాత్రం ఆ గోల లేదు.

ఐదుకి మూడు ఇస్తా, అందులో ఒకటి ఆ నాన్నది. రెన్యూ చేయొద్దనే అనుకున్నా గానీ అత్తమ్మ నిన్న ఇంకోటి మొదలుపెట్టేసింది, ఇందులో కోడలు అత్తగారిని కూడా నువ్వు నువ్వు అంటోంది, మధ్యమధ్యలో ఈమె నా మొహం చూస్తోంది.