ఇసుక సర్వీసు, రెండు వేలు

జైసల్మేర్‌లో బండ్లు తిరిగి అప్పజెప్పినప్పుడు షాపాయన డైరీలోంచి కాగితం చింపి లెక్క రాసిచ్చాడు. క్లచ్ ప్లేట్లు 4,800. మెకానిక్ కూలి 1,500. ఇండికేటర్ 650. ఇసుక సర్వీసు 2,000. మొత్తం 8,950. మొదటి మూడూ ఎలాగో మింగాను గానీ నాలుగోది గొంతు దిగలేదు. "ఇసుక సర్వీసు అంటే ఏంటి భాయ్?" అనడిగితే, "బండి నిండా ఇసుక ఉంది సార్, కడిగించాలి కదా" అన్నాడు. ఎడారిలో బండ్లు అద్దెకిస్తూ, షాపు ముందు ఇసుక తిన్నెల మీద బైకు ఎగురుతున్న ఫొటో పెట్టుకున్న మనిషి, బండికి ఇసుక అంటిందని డబ్బులడుగుతున్నాడు. చేపలమ్మేవాడు నీచువాసనకి వేరే రేటు చెప్పినట్టుంది. డిపాజిట్ ఆయన చేతిలోనే ఉంది కాబట్టి మా వాదన ఎంతసేపు నడవాలో అంతసేపే నడిచింది. ఆ కాగితం ఇంకా నా పర్సులోనే ఉంది.

2024లో జనవరి 26 శుక్రవారం పడింది. మూడు రోజులు కలిసొచ్చాయి. నేను, మా బావమరిది, ఆఫీసులో నా పక్క సీటాయన, ఆయన స్నేహితుడు ఒక పళ్ల డాక్టరు. గురువారం సాయంత్రం హైదరాబాద్ నుంచి జోధ్‌పూర్‌కి విమానం, అక్కణ్ణుంచి రాత్రి రైలు. ప్రయాణం సాఫీగా సాగింది. ఒక్కటే, డాక్టరు బ్యాగులో పెట్టుకున్న చిన్న గ్యాస్ డబ్బా శంషాబాద్‌లోనే తీసేశారు. విమానంలో దాన్ని ఎలాగూ రానివ్వరు. స్టవ్ మాత్రం మాతో జైసల్మేర్ దాకా వచ్చి, ఒక్కసారి కూడా వెలగకుండా తిరిగొచ్చింది.

నాకు ఈ ట్రిప్పులో ఎడారి కంటే ముఖ్యమైన పని ఇంకొకటి ఉంది. మా పెదనాన్న 1971 యుద్ధం నాటికి సైన్యంలో ఉన్నాడు. జైసల్మేర్ అవతల సరిహద్దు పోస్టు లోంగేవాలా దగ్గర జరిగిన పోరులో ఆయన లేడు గానీ ఆ కథ ఆయనకు కంఠతా వచ్చు. డిసెంబర్ 4 రాత్రి, మేజర్ కుల్దీప్ సింగ్ చాంద్‌పురితో పాటు నూట ఇరవై మంది, ఎదురుగా పాకిస్తాన్ టాంకుల దండు. మన హంటర్ విమానాలు రాత్రిపూట దాడి చేయలేవు కాబట్టి తెల్లారేదాకా వాళ్లే నిలబడాలి. కథ చివర ప్రతిసారీ, "టాంకులు ఇసుకలో దిగబడ్డాయిరా, సగం యుద్ధం ఇసుకే చేసింది" అంటాడు. అప్పుడు పట్టుబడ్డ పాకిస్తాన్ టాంకు అక్కడ స్మారకంలో ఉంది. దాని పక్కన నిలబడి ఫొటో దిగి రమ్మన్నాడు. జైసల్మేర్ నుంచి తనోట్ గుడి నూట ఇరవై కిలోమీటర్లు, లోంగేవాలా కూడా ఆ వైపే, రోడ్డు నున్నగా ఉంటుంది. శనివారం ఆ పనికే పెట్టుకున్నాను.

బండ్లు రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411. రోజుకు 1,700 చొప్పున మూడు రోజులు, నాలుగు బండ్లకు 20,400. బండికి 5,000 డిపాజిట్, అదీ నగదే. కాగితం మీద సంతకాలు పెట్టించుకున్నాడు. పదకొండో షరతు 'రోడ్డు దిగి నడపరాదు' అని మేము చదివింది ఆదివారం నాడు. నా బండి వెనక టైరు గుండు కొట్టించుకున్నట్టుంది. అడిగితే, "ఇసుకకి ఇదే మంచిది సార్" అన్నాడు. అప్పుడే తిరిగొచ్చేయాల్సింది. ముగ్గురు స్నేహితులు హెల్మెట్లు పెట్టుకుని హారన్లు కొడుతుంటే బుద్ధి పనిచేయదు.

ఇలాంటి షాపులో బండి తీసుకునేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. గీతలకు వీడియో అందరూ తీస్తారు, అది సరిపోదు. మెయిన్ రోడ్డు మీద మూడో గేర్లో వెళ్తూ యాక్సిలరేటర్ గట్టిగా తిప్పండి. ఇంజను అరుపు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ అయిపోయినట్టే, ఆ బండి అక్కడే వదిలేయండి. ఈ పరీక్ష మా వీధి మెకానిక్ నాకు ఫిబ్రవరిలో నేర్పాడు.

దారిలో కుల్‌ధరా చూశాం. పాలీవాల్ బ్రాహ్మణులు వదిలేసి వెళ్లిన ఊరు, కప్పుల్లేని రాతి గోడలు. దయ్యాల కథలు చెప్పడానికి గైడ్లు ఎగబడతారు, దండం పెట్టి ముందుకు పొండి. ఖూరీ వైపు తిరిగాక తారు రోడ్డు మీదికి ఇసుక నాలుకలు చాస్తూ కనిపించింది. అక్కడ టైర్లలో గాలి 18 పీఎస్ఐకి దించాం. ట్యూబు టైర్లు కాబట్టి అంతకంటే దించితే రిమ్ము ట్యూబును కొరికేస్తుందని బావమరిది లెక్క. వాడు లద్దాఖ్ రెండుసార్లు వెళ్లొచ్చాడు, ఆ మాట రోజుకు నాలుగుసార్లు చెబుతాడు.

ఇసుకలో బండి నడపడం బురదలో నడపడంలా ఉండదు. బురద బండిని పక్కకు లాగుతుంది, ఇసుక ముందు చక్రాన్ని మింగుతుంది. భయపడి యాక్సిలరేటర్ వదిలారా, 21 అంగుళాల ఆ పెద్ద చక్రం కూడా గునపంలా దిగిపోతుంది. లేచి నిలబడాలి, బరువు వెనక్కి వేయాలి, హ్యాండిల్ ఎటు ఊగితే అటు ఊగనివ్వాలి, చూపు యాభై అడుగుల అవతల ఉండాలి. ఇదంతా నోటితో చెప్పడం తేలికే. చక్రం ముందున్న ఇసుక వైపు చూడకుండా ఉండటం నా వల్ల కాలేదు. మొదటి గంటలో నేను ఆరుసార్లు పడ్డాను, డాక్టరు ఒక్కసారే పడి "నేను ఫొటోలు తీస్తాను" అని కూర్చున్నాడు.

పడితే దెబ్బ తగలదు, ఇసుక మెత్తన. కష్టమంతా లేపడంలోనే. బండి 199 కిలోలు, దాని మీద టెంటు, రెండు డబ్బాల నీళ్లు. ముందు నుంచి లాగితే నడుము పోతుంది. బండికి వీపు తిప్పి సీటుకు పిర్రలు ఆనించి, ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఒకటి వెనక రాడ్డు మీద వేసి, కాళ్లతో వెనక్కి నడవాలి. కాళ్లు చీలమండల దాకా కూరుకుపోతుంటాయి. నాలుగోసారి లేపాక చేతి తొడుగులు విప్పి చూస్తే వేళ్ల మధ్య ఇసుక చెమటతో కలిసి సున్నంలా అట్టకట్టింది. అప్పుడే బావమరిది వాసన పట్టాడు. "బావా, మాడిన నూనె వాసనొస్తోంది. నీ బండేనా?"

నా బండే. సాయంత్రానికి రెండో గేర్లో ఇంజను అరుస్తోంది, చక్రం మాత్రం తీరిగ్గా తిరుగుతోంది. ముందుకు పోలేక ఒక ఢాణీ దగ్గర ఆగిపోయాం. ఢాణీ అంటే పొలాల మధ్య నాలుగైదు ఇళ్లు. ఒక పెద్దాయన, కోడలు, ఇద్దరు పిల్లలు, మేకలు. టెంట్లు వేసుకోవచ్చా అని అడిగితే తిన్నె చూపించాడు. ఒక్క షరతు పెట్టాడు, అవతల కంచె దాటి గడ్డిలోకి బండ్లు పోకూడదు. అది గోడావణ్ పిట్ట తిరిగే చోటట. రోళ్లపాడు పేరు విన్నవాళ్లకు తెలుసు, మన బట్టమేక పిట్టే. నేల మీద ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. దాని మీద బండి టైరు ఎక్కితే అంతే. ఎక్కడ పడితే అక్కడ 'ఆఫ్‌రోడ్' చేసేవాళ్లు ఈ ముక్క వినాలి.

ఇక ఆ రాత్రి భోజనం. సజ్జ రొట్టె అరచేతంత మందంతో, పైన వేలితో గుంట చేసి నెయ్యి పోశారు. పక్కన ఎర్రటి కూర. సన్నగా, ముడతలు పడ్డ గోరుచిక్కుడు ఒరుగుల్లా ఉన్నాయి, మధ్య మధ్యలో చిన్న పుల్లటి కాయలు. మిరపకాయ కారం ముందు తగిలింది, తర్వాత పులుపు, చివర్లో కొంచెం పొగ వాసన లాంటి వగరు. కేర్ సాంగ్రీ అన్నాడు పెద్దాయన. పుల్లటి కాయలు కేర్, ఒరుగుల్లాంటివి సాంగ్రీ. హోటళ్లలో నూనెలో తేలేది చూశాను గానీ ఇది వేరు. సాంగ్రీ ఏ చెట్టుది అనడిగితే చెయ్యి ఎత్తి వాకిట్లోని చెట్టు చూపించాడు. టార్చి వేసి చూసి మా పక్క సీటాయన గట్టిగా నవ్వాడు. జమ్మి చెట్టు!

తెలంగాణ రాష్ట్ర వృక్షం, రాజస్థాన్ రాష్ట్ర వృక్షం ఒకటే. ఏటా దసరాకు దాని ఆకు బంగారమని చేతుల్లో పెట్టుకుని మొక్కుతాం, దాని కాయ కూరవుతుందని నలుగురిలో ఒక్కరికీ తెలియదు. "పాండవులు ఆయుధాలు దాచుకున్నారు సరే, ఆకలేస్తే ఏం తిన్నారో ఇప్పుడర్థమైంది" అన్నాడు డాక్టరు, ఆ రోజంతటికీ ఆయన మొదటిసారి నవ్వుతూ. ఆయన మూడు రొట్టెలు తిన్నాడు. నేను లెక్కపెట్టాను.

రాత్రి చలి గురించి ఎవరూ సరిగా చెప్పరు. హైదరాబాద్‌లో అద్దెకు తెచ్చుకున్న స్లీపింగ్ బ్యాగులు అనంతగిరికి సరిపోతాయి, జనవరి థార్‌కి కాదు. బావమరిది జాకెట్టు, గ్లౌజులు, మోకాలి ప్యాడ్లతో సహా పడుకున్నాడు. తెల్లవారుజామున టెంటు లోపలి వైపు మా ఊపిరే నీళ్లయి కారింది. మూడింటికి బయటికొస్తే కాళ్ల కింద ఇసుక ఫ్రిజ్‌లోంచి తీసినట్టుంది. నక్షత్రాలు బాగానే ఉన్నాయి. వణుకుతున్నవాడికి ఎంతసేపు బాగుంటాయో అంతసేపు చూశాను.

పొద్దున డబ్బులెంత అంటే పెద్దాయన చెప్పలేదు. మేమే 1,500 ఇస్తామన్నాం. మనవడు పరుగెత్తి ఫోన్‌పే అట్ట తెచ్చాడు. సిగ్నల్ కోసం ఆ అట్ట పట్టుకుని నేనూ వాడూ తిన్నె ఎక్కాం. నలుగురికి రాత్రి భోజనం, పొద్దున టీ, చద్ది రొట్టె, మజ్జిగ, పడుకోవడానికి చోటు. మనిషికి 375.

దిగొచ్చి స్టార్ట్ చేస్తే నా బండి అంగుళం కదల్లేదు. పక్క ఢాణీ పికప్‌లో ఎక్కించి జైసల్మేర్ చేర్చడానికి 1,800. షాపులో మెకానిక్ కుర్రాడు మా ముందే ఇంజను పక్క మూత విప్పాడు. ప్లేట్లు బొగ్గులా ఉన్నాయి. ఒకటి గోటితో గీకి, ఓనరు లోపలికి వెళ్లాడని చూసుకుని, "ఇది ఒక్క రోజులో అయ్యింది కాదు సార్, దీపావళికే మార్చమన్నాను" అని మెల్లగా అన్నాడు. నేను ఓనరు ముందు ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే కుర్రాడి పని పోతుంది. 8,950లో నేను తెలిసి కట్టింది ఎంతైనా ఉంటే, అది అందుకే.

బండి సిద్ధమయ్యేసరికి నాలుగైంది. ఇక తనోట్, లోంగేవాలా వెళ్లొచ్చే టైము లేదు. డాక్టరూ పక్క సీటాయనా ఈలోగా కోట చూసి, జిలేబీ తిని, ప్రసన్నంగా వచ్చారు. కోట గురించి అందరూ రాశారు, నేను రాయను.

రెండో రాత్రి డాక్టరు వేడినీళ్ల కోసం పట్టుబట్టడంతో సామ్ తిన్నెల దగ్గర ఒక క్యాంపు. మనిషికి 3,000. 'ఎడారి నిశ్శబ్దం' అని ఫోన్లో చెప్పినతను చెప్పనిది, చుట్టూ ఉన్న క్యాంపులన్నీ ఎవరి స్పీకర్లు వాళ్లు పెడతాయని. మేము హైదరాబాద్ అని తెలిసి మర్యాద కొద్దీ వరసగా తెలుగు డ్యాన్స్ పాటలు వేశారు, పన్నెండు దాకా. 'ఉచిత ఒంటె సవారీ' గేటు దగ్గర మొదలై పార్కింగ్ దగ్గర ముగిసింది. దాల్ బాటీలో బాటీ, అంటే కాల్చిన గట్టి గోధుమ ఉండ, పగలగొట్టడానికి డాక్టరు ఫోర్కు వంచాడు. వేడినీళ్లు పొద్దున ఏడు నుంచి ఏడున్నర వరకే, మేము లేచింది ఎనిమిదికి. స్నానం చేయని డాక్టరు జోధ్‌పూర్ దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆదివారం బండ్లు ఇచ్చేసి, లెక్క గొడవ అయ్యాక, జోధ్‌పూర్ ట్యాక్సీ ఎక్కేముందు బజారులో ఎండు సాంగ్రీ పావుకిలో 320కి కొన్నాను.

ఆ తర్వాతి వారం పెద్దమ్మ వాటిని రాత్రంతా నానబెట్టి, కొంచెం చింతపండు వేసి మన పద్ధతిలో వండింది. పెదనాన్న రెండుసార్లు వడ్డించుకున్నాడు. జమ్మికాయ అంటే నమ్మలేదు, చెట్టు ఫొటో చూపించాల్సి వచ్చింది. ఫోన్ తీసుకుని వేలితో అటూ ఇటూ జరుపుతూ, ఇసుకలో పడుకున్న నా బండి ఫొటోలన్నీ దాటేసి, చివరికొచ్చి అడిగాడు.

"టాంకు ఏదిరా?"