‘నేనెవరు’ విచారణా, మంత్రజపమా?

1907లో సంస్కృత పండితుడు కావ్యకంఠ గణపతి ముని అరుణాచలం కొండ మీది విరూపాక్ష గుహకు వెళ్లి రమణ మహర్షిని అడిగింది ఇదే: ఇన్నేళ్లు జపం చేశాను, అసలు తపస్సంటే ఏమిటి? రమణులు రెండు దారులూ చూపించారు. ‘నేను’ ఎక్కడ పుడుతోందో గమనించడం ఒకటి, అదే విచారణ. మంత్రం చేస్తుంటే ఆ నాదం ఎక్కడి నుంచి వస్తోందో చూడటం రెండోది.

జపంలో పట్టు దొరుకుతుంది. మాల ఉంది, లెక్క ఉంది, మనసు పారిపోయినా పెదవులు కదులుతూనే ఉంటాయి. చిక్కూ అక్కడే.

విచారణలో పట్టుకోవడానికేమీ ఉండదు. బస్సులో పక్కవాడు కాలు తొక్కాడు, కోపం వచ్చింది. ఈ కోపం ఎవరికి? నాకు. ఆ నేనెవరు? ఇక్కడ చాలామంది ‘నేను ఆత్మను’ అని పుస్తకం జవాబు చెప్పేసుకుంటారు. అదీ ఒక ఆలోచనే, కోపంలాగే వచ్చి పోయేదే. ఆ ప్రశ్న ఉన్నది జవాబు కోసం కాదు, చూపును అడిగేవాడి మీదికి తిప్పడానికి. ఒక్క క్షణం నిలుస్తుంది, మళ్లీ ఆఫీసు గొడవ. మళ్లీ అడగాలి. అలాగని ప్రశ్ననే మంత్రంలా వల్లిస్తే విచారణ కాదన్నారు రమణులు.

నన్నడిగితే, బాగా చెదిరిన మనసుకు ముందు జపమే నయం. కాస్త కుదుటపడ్డాక విచారణ. గణపతి ముని మాత్రం చివరిదాకా మంత్రాన్ని వదల్లేదు.