పనస కర్ర గిటార్‌తో ఐదేళ్లు

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి పర్లాకిమిడిలో మా పెరటి పనస చెట్టు వేళ్లతో సహా పడిపోయింది. మానుని వంటచెరుకు కింద అమ్మేస్తుంటే ఒక దుంగ మాత్రం నేను ఉంచేశాను. ఇప్పుడు నా ఎలక్ట్రిక్ గిటార్ బాడీ ఆ దుంగే. ఆదివారం చర్చిలో, పెళ్లిళ్ల సీజన్లో ఆర్కెస్ట్రాలో ఐదేళ్లుగా దీన్నే వాయిస్తున్నాను.

బొబ్బిలి వీణలు పనస కర్రతోనే చేస్తారని మా వైపు అందరికీ తెలుసు. గిటార్ వాళ్ల నోట వినిపించే కర్రల పేర్లు వేరు. అమెరికా గిటార్ కంపెనీ ఫెండర్ వాళ్లు మొదట్లో యాష్ వాడారు, 1956 నుంచి స్ట్రాటోకాస్టర్ అనే మోడల్‌కి ఎక్కువగా ఆల్డర్. ఇంకో కంపెనీ గిబ్సన్ 1952లో తెచ్చిన లెస్ పాల్ మోడల్‌కి మహాగని మీద మేపుల్ పలక. ఆల్డర్ వాళ్లకి దగ్గర్లో తేలిగ్గా దొరికేది, పెయింటు బాగా పట్టేది. మాకు దగ్గర్లో దొరికేది పనస.

రెండంగుళాల పలకలు కోయించి, చివళ్లకి పెయింటు పూసి, రెండేళ్లు నీడలో ఆరబెట్టాను. తేమ చివళ్ల నుంచే త్వరగా పోతుంది, బీటలు కూడా అక్కడే మొదలవుతాయి. "పచ్చికర్ర మీద ఉలి పెట్టించకు బాబూ, ఇవాళ చక్కగా ఉంటుంది, రేపు వంకర తిరుగుతుంది" అని వడ్రంగి మావయ్య గట్టిగా చెప్పాడు. బయటి తెల్లభాగం తీసేసి చేవ మాత్రమే వాడాడు. చిత్రిక పట్టిన రోజు పలక పసుపు ముద్దలా ఉంది, మావయ్య చేతులు కూడా పసుపైపోయాయి. ఇప్పుడది బెల్లం పాకం రంగుకి వచ్చింది.

నెక్ (వేళ్లు నొక్కే పొడవాటి కాడ), పికప్‌లు (తీగల కదలికని పట్టే అయస్కాంత ముక్కలు), బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే ముక్క) అన్నీ నా పాత గిటార్‌వే. దాని బాడీ బాస్‌వుడ్ అనే కర్ర. తేలికే గానీ బాగా మెత్తన. గోరుతో నొక్కితే గుంట పడేది. నాలుగేళ్లకి బ్రిడ్జిని పట్టుకునే రెండు మరలూ తీగల లాగుడికి ముందుకి ఒరిగిపోయాయి. శ్రుతి పెట్టడం, పాట మధ్యలో పోవడం, మళ్లీ పెట్టడం, ప్రతి ప్రోగ్రాంలో అదే టెన్షన్. పనసలో ఆ మరలు ఈ రోజుకీ నిటారుగా ఉన్నాయి. ఒక్క ఈ కారణానికే నేను పనసకి ఓటేస్తాను.

అందరూ అడిగేది సౌండ్ గురించి. విడిభాగాలు మార్చక ముందు, మార్చాక, అవే సెట్టింగుల మీద ఒకే ముక్క వాయించి రికార్డు చేశాను. మా కీబోర్డు అన్నయ్యకి ఏది ఏదో చెప్పకుండా పదిసార్లు వినిపిస్తే ఐదుసార్లు సరిగ్గా చెప్పాడు. ఊరికే ఊహించి చెప్పినా అంతే వస్తుంది. పికప్ వినేది కర్రని కాదు, అయస్కాంతం మీద కదిలే ఉక్కు తీగని. ఆంప్ లేకుండా రాత్రి వాయించుకుంటే మాత్రం తేడా నా పొట్టకే తెలుస్తుంది. కింది తీగ మోత బాడీ అంతా పాకి, పాత గిటార్ కంటే ఎక్కువసేపు నిలుస్తుంది. ఆ అనుభూతి కోసమే కొన్ని రాత్రులు పడుకోబోయే ముందు చేతిలోకి తీసుకుంటాను.

ఇబ్బందులూ ఉన్నాయి. పాతది 3.3 కిలోలు, ఇది 4.2. మూడు గంటల ప్రోగ్రాం అయ్యేసరికి ఎడమ భుజం లాగేస్తుంది. వెడల్పాటి తోలు పట్టీ వేశాక కాస్త నయం. మొదట్లో లక్క పాలిష్ వేయించడం నా తప్పు. మొదటి వానాకాలంలోనే, ముంజేయి ఆనే చోట చెమటకి అరచేతి మేర తెల్లమచ్చ తేలింది. పాలిష్ మొత్తం గీకించి అవిసె నూనె పట్టించాను. ఏడాదికోసారి పల్చగా రుద్దితే చాలు. వానల్లో నెక్ కొంచెం వంగితే దాని లోపల వంపు సరిచేసే ఇనుప కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ని, పావు చుట్టు తిప్పుతాను. బాడీ మాత్రం ఇంతవరకు ఎక్కడా కదల్లేదు, పురుగూ పట్టలేదు.

రెండో పలక అటక మీద ఉంది. ఈసారి లోపల తొలిపించి, కనీసం అరకిలో తగ్గించి చేయించాలి.