‘24 గంటల ఆయా’ కోసం అడ్వాన్సు కడుతున్నారా? ముందు సెలవుల సంగతి తేల్చుకోండి

హైదరాబాద్‌లో ఇంట్లోనే ఉండి పెద్దవాళ్లను చూసుకునే మనిషి కోసం ఏజెన్సీలకు ఫోన్లు చేస్తున్నవారికి ఈ హెచ్చరిక. జీతం ఎంత, తెలుగు వచ్చా, వంట చేస్తుందా అని అందరం అడుగుతాం. ఆమె ఎప్పుడు నిద్రపోతుంది, ఎప్పుడు సెలవు తీసుకుంటుంది, ఆ రోజు బదులుగా ఎవరు వస్తారు అన్నవి కాగితం మీద లేకుంటే పైసా కట్టవద్దు.

మా అత్తగారు పక్షవాతంతో మంచాన పడ్డాక ఒక ఏజెన్సీవారు ‘24 గంటల సేవ, సెలవుల బెడదే ఉండదు’ అని నమ్మబలికి, రిజిస్ట్రేషన్ రుసుముతో పాటు నెల డబ్బు ముందే కట్టించుకున్నారు. వచ్చినామెది శ్రీకాకుళం వైపు. మంచి పనిమంతురాలు. ముక్కు గొట్టంలో జావ పోయడం, డైపర్ మార్చడం, వీపు తుడవడం, ఏదీ మేము చెప్పాల్సిన అవసరం ఉండేది కాదు. అయితే పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని డాక్టరు చెప్పారు. పగలు సరే, రాత్రి పన్నెండుకు, రెండుకు, నాలుగుకు కూడా ఆమే లేవాలి. మా అత్తగారికి మెలకువ వస్తుందని అలారం పెట్టిన ఫోనును తన దిండు కింద ఉంచుకునేది. మధ్యాహ్నం చూస్తే సిరంజి చేతిలో ఉండగానే కునికిపాట్లు. గొట్టంలో పోసేది పొరపాటున ఊపిరితిత్తుల్లోకి వెళితే ప్రాణం మీదికి వస్తుంది.

రాత్రికి ఇంకొకరిని పంపండి, విడిగా డబ్బు ఇస్తాం అన్నాం. “24 గంటల ప్యాకేజీ అంటే అదే కదా మేడమ్” అని జవాబు. మనిషి నిద్రను కూడా అమ్మేసుకుని దానికి ప్యాకేజీ అని పేరు పెట్టారన్నమాట! రాత్రి వంతులు మేమే పంచుకున్నాం.

అసలు రంగు సంక్రాంతికి బయటపడింది. ఊరికి వెళ్లి పిల్లలను చూసి వస్తానని ఆమె అడిగింది. వెళితే ఆపి ఉంచిన జీతం రాదని ఏజెన్సీ ఆమెను బెదిరించింది. మాకేమో, ఆమె మీ ఇంట్లో ఇమడలేకపోతోందని చెప్పారు. ఒప్పందం వెనుక వైపు సన్నటి అక్షరాల్లో ‘బదులు మనిషి లభ్యతను బట్టి’ అని ఉంది. సంక్రాంతికి సగం నగరం ఖాళీ అవుతుంది, ఇక లభ్యత ఎక్కడిది? ఎవరూ రాలేదు. ఆ రోజులకూ బిల్లు వేశారు. ఆమె తిరిగి రాగానే మరో ఇంటికి పంపేసి, ‘మీరే వద్దన్నారు’ అంటూ మా అడ్వాన్సు ఎగ్గొట్టారు. మేము కట్టిన దాంట్లో ఆమె చేతికి అందేది సగమేనని కూడా అప్పుడే తెలిసింది.

ఇంటి పనివారికి వారానికి కనీసం వరుసగా 24 గంటల విశ్రాంతి ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒప్పందం చెబుతోంది. భారత్ దాన్ని ధ్రువీకరించలేదు. ఇంటి పనివారి రక్షణకు ప్రత్యేక చట్టం సంగతి పరిశీలించమని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. కాబట్టి మీరు రాయించుకునే ఒప్పందమే ఇప్పటికి దిక్కు.

రాత్రి కూడా లేవాల్సిన రోగి అయితే ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిదికి ఒకరు, అక్కడి నుంచి మరొకరు ఉండేలా మాట్లాడుకోండి. ఖర్చు పెరుగుతుంది, నిజమే. ఒక్కరే చాలనుకుంటే వారపు సెలవు ఏ రోజో, మనిషి రాని రోజు డబ్బు తగ్గిస్తారో లేదో రాయించండి. ఏజెన్సీ మనిషి ఎదుట లేనప్పుడు, నీకు ఎంత ఇస్తున్నారు, సెలవులు ఎన్ని అని ఆమెనే అడగండి. సెలవులే అక్కర్లేదు అనే ఏజెన్సీని గుమ్మంలోంచే పంపేయండి.

ఇప్పటికే ఇరుక్కున్నవారు ఒప్పందం రెండు వైపులా ఫోటో తీసి, రశీదులు, వాట్సాప్ సందేశాలు జాగ్రత్త చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. మేమూ అదే చేశాం. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే అక్కడ ఫిర్యాదుకు ఫీజు ఉండదు.