పాత సామాన్లతో కట్టిన 12 వోల్టుల ఛార్జర్: కొన్నేళ్ల వాడకం తర్వాత నా మాట

ట్రాక్టరు బ్యాటరీ కోసం కట్టుకున్న ఈ ఛార్జర్‌ని కొన్నేళ్లుగా వాడుతున్నాను. నీళ్లు పోసే లెడ్ యాసిడ్ బ్యాటరీలకు ఇంత నమ్మకమైన సాధనం నా చేతికి ఇంకోటి రాలేదు. కాకపోతే ఇది తనంతట తాను ఆగదు. మధ్యమధ్యలో వచ్చి చూసుకునే ఓపిక ఉన్నవాళ్లకే ఇది పనికొస్తుంది.

ఫ్యూజులు, మెయిన్స్ వైరు, క్లిప్పులు మాత్రం కొత్తవి కొన్నాను. ట్రాన్స్‌ఫార్మర్ పాత మైకుసెట్టు ఆంప్లిఫయర్‌లోది, 15-0-15 (మధ్య వైరుకి అటూ ఇటూ 15 వోల్టులు), 5 ఆంపియర్లది. ఆంపియర్ మీటరు పాడైన ట్రాక్టరు డ్యాష్‌బోర్డుది. డయోడ్లు (కరెంటుని ఒకవైపే పోనిచ్చేవి) పాత లారీ ఆల్టర్నేటర్, అంటే ఇంజను తిప్పే కరెంటు మర, ప్లేటువి. ఆ ప్లేటు పాజిటివ్ వైపు మూడు డయోడ్లు బిగించి ఉంటాయి. ట్రాన్స్‌ఫార్మర్ రెండు చివర్లను రెండు డయోడ్లకు కలిపి, మధ్య వైరుని నెగెటివ్‌గా తీసుకుంటే సరిపోతుంది, మూడోది స్పేరు. వేడి లాగడానికి ప్లేటే చాలు, వేరే హీట్ సింక్ అక్కర్లేదు. ప్లేటు మొత్తం పాజిటివే కాబట్టి ఇనుప పెట్టెకి తగలకుండా కరెంటు పారని బేకలైట్ ముక్క మీద బిగించాను. ఈమధ్య బండ్ల ఆల్టర్నేటర్లలో ఎక్కువగా జీనర్ రకం డయోడ్లు (కొంత వోల్టేజీ దాటితే వెనక్కి కూడా కరెంటు వదిలేసేవి) వస్తున్నాయి. అవి ఈ పద్ధతికి పనికిరావు, ఎందుకంటే ఇక్కడ ఒక్కో డయోడ్ మీద వెనక్కి 40 వోల్టుల పైన పడుతుంది.

స్క్రాప్ కొట్లో స్టెబిలైజర్ ట్రాన్స్‌ఫార్మర్లు కుప్పలుగా దొరుకుతాయి. వాటి జోలికి అస్సలు పోవద్దు. చాలావాటిలో ఇన్‌పుట్, అవుట్‌పుట్ ఒకే వైండింగ్ (తీగచుట్ట) మీద ఉంటాయి, అంటే బ్యాటరీ టెర్మినల్ ముట్టుకున్నా 230 వోల్టుల షాక్ కొట్టొచ్చు. ఏ ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చుకున్నా రెండు వైపుల వైండింగ్‌ల మధ్య, వైండింగ్‌కీ ఇనుప కోర్‌కీ మధ్య మల్టీమీటర్ పెట్టి చూడండి. ఎక్కడా కంటిన్యూటీ రాకూడదు, అంటే ఒకదాన్నుంచి ఇంకోదానికి కరెంటు దారి ఉండకూడదు. మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) ఉన్న ఎలక్ట్రీషియన్ చేత చూపించుకుంటే ఇంకా మంచిది. ఆ తర్వాత మెయిన్స్ వైరు దారిలో 100 వాట్ల బల్బు పెట్టి (సిరీస్‌గా), దాని ద్వారా కరెంటు ఇవ్వండి. లోడు ఏమీ లేకుండానే బల్బు నిండుగా వెలిగితే లోపల షార్ట్ ఉన్నట్టే, పక్కన పడేయండి. పెట్టెకి ఎర్త్ తప్పనిసరి.

దీని ప్రాణమంతా పాజిటివ్ వైరులో సిరీస్‌గా పెట్టిన 60/55 వాట్ల హెడ్‌లైట్ బల్బులో ఉంది. కరెంటుని అదుపులో పెట్టేది అదే, బ్యాటరీ ఎంతవరకు ఎక్కిందో చెప్పేదీ అదే. బాగా దిగిపోయిన బ్యాటరీ పెడితే ఫిలమెంట్ నారింజ రంగులో వెలుగుతుంది, ఎక్కేకొద్దీ ఎరుపు తిరిగి మందగిస్తుంది. ఈ బల్బులో ఉండే రెండు ఫిలమెంట్లూ కలిపితే 4 ఆంపియర్ల దగ్గర లాగుతుంది, బైకు బ్యాటరీకి ఒక్కటే చాలు. ఎంతసేపు పెట్టినా బల్బు మందగించక, వోల్టేజీ 11 కూడా దాటకపోతే ఒక సెల్ పోయినట్టు. క్లిప్పులు తారుమారైతే మెయిన్స్ స్విచ్ వేయకముందే బల్బు భగ్గున వెలుగుతుంది. బల్బు అడ్డు ఉండటం వల్ల డయోడ్లకు ఏమీ కాదు.

సీజన్ అయిపోయాక షెడ్డులో పడి ఉండి 5, 6 వోల్టులకు దిగిపోయిన బ్యాటరీని బజారు ఆటోమేటిక్ ఛార్జర్లు చాలావరకు గుర్తే పట్టవు. ఇది మాత్రం మెల్లగా ఎక్కించడం మొదలుపెడుతుంది. దమ్ముల ముందు సెల్ఫ్ అందుకోని ట్రాక్టరుకి ఆ పూట దీని విలువ తెలుస్తుంది. తొందర ఉన్నవాళ్లకు మాత్రం ఇది పనికిరాదు. 75 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీ కెపాసిటీ) బ్యాటరీ సగం దిగితే పది గంటలు పడుతుంది, పూర్తిగా దిగితే ఒక పగలూ రాత్రీ అంత సేపు.

రాత్రిళ్లు జాగ్రత్తగా ఉండాలి. ఊరంతా పడుకున్నాక లోడు తగ్గి మెయిన్స్ వోల్టేజీ పెరుగుతుంది, దాంతోపాటు ఛార్జింగ్ కరెంటూ పెరుగుతుంది. సాయంత్రం 3 ఆంపియర్ల దగ్గర ఉన్న ముల్లు అర్ధరాత్రికి పైకి జరిగి ఉంటుంది. టెర్మినల్స్ మీద 14.4 వోల్టులు దాటితే నీళ్లు బుడగలు కట్టి హైడ్రోజన్ వస్తుంది, డిస్టిల్డ్ వాటర్ తరిగిపోతుంది. అందుకే నేను పగలే పెడతాను, అదీ గాలి ఆడే వసారాలో. ముందు క్లిప్పులు, తర్వాత స్విచ్. తీసేటప్పుడు ముందు స్విచ్, తర్వాత క్లిప్పులు. గ్యాస్ ఉన్నచోట నిప్పురవ్వ లేస్తే బ్యాటరీ పేలుతుంది.

ఇన్నేళ్లలో మార్చాల్సి వచ్చినవి క్లిప్పులే. యాసిడ్ ఆవిరికి పచ్చగా చిలుమెక్కి, స్ప్రింగు పట్టు వదిలేస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్ గుయ్‌మంటూనే ఉంటుంది, చెయ్యి పెట్టగలిగేంత వేడి దాటలేదు.

మందు కొట్టే స్ప్రేయర్లలోని సీల్డ్ బ్యాటరీలకు దీన్ని వాడను. వాటిలో తరిగిన నీళ్లు మళ్లీ పోయలేం, వోల్టేజీ కట్టడి చేసే సర్క్యూట్ ఇందులో లేదు. లిథియం బ్యాటరీలను దీని దగ్గరికి కూడా రానివ్వకండి, నిప్పంటుకునే ప్రమాదం ఉంది. బ్యాటరీ నిండగానే కరెంటు ఆపేసే కటాఫ్ రిలే ఒకటి కలిపితే రాత్రిపూట కూడా వదిలేయొచ్చని చాలామంది అంటారు. రిలే కాంటాక్టులు అతుక్కుపోతే అది కూడా ఆగదు కాబట్టి, కలిపినా నేను పగలే పెడతాను.