పరిశోధన విద్యార్థులకు విధాన రంగ శిక్షణ: ఎనిమిది ఆదివారాల కోర్సుపై ఒక సమీక్ష

పీహెచ్‌డీ చేస్తున్నవారికి ప్రభుత్వంలోనూ విధాన రూపకల్పనలోనూ ఉన్న ఉద్యోగావకాశాలను పరిచయం చేసే ఒక శిక్షణ కోర్సును నేను ఈ మధ్యనే హైదరాబాద్‌లో పూర్తి చేశాను. ఎనిమిది ఆదివారాలు, రోజుకు ఉదయం 10 నుంచి సాయంత్రం 4 వరకు తరగతులు, రుసుము 18,000 రూపాయలు. బోధించినవారు కొద్దిమందే కాబట్టి సంస్థ పేరు చెబితే వ్యక్తులను గుర్తుపట్టడం సులభమవుతుంది. నా ఫిర్యాదులు వ్యక్తుల మీద కావు కనుక పేరు రాయడం లేదు. ఇలాంటి కోర్సుల ప్రకటనలు ఇప్పుడు ప్రతి విశ్వవిద్యాలయం నోటీసు బోర్డు మీదా కనిపిస్తున్నాయి. వాటిలో దేనికైనా డబ్బు కట్టే ముందు ఏం చూసుకోవాలో తెలియడానికి నా అనుభవం పనికొస్తుందని ఆశిస్తున్నాను.

నేను రసాయనశాస్త్ర విద్యార్థిని. నల్లగొండ జిల్లా పశ్చిమ మండలాల్లో బోరు నీటిలోని ఫ్లోరైడ్ మీద నాలుగేళ్ళుగా పరిశోధన చేస్తున్నాను. సీనియర్ రీసెర్చ్ ఫెలోగా నాకు వచ్చేది నెలకు 42,000 రూపాయలు. అది కూడా ఒక్కోసారి నాలుగైదు నెలలకు కలిపి వస్తుంది. అందువల్ల 18,000 రూపాయలు నాకు చిన్న మొత్తం కాదు. అయినా చేరడానికి కారణం ఒక్కటే. నమూనాలు తీయడానికి వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ ఎవరో ఒకరు "పరీక్షలు చేసుకుపోతున్నారు సరే, పైవాళ్ళకు చెబుతారా అమ్మా?" అని అడిగేవారు. ఎవరికి చెప్పాలో, ఎలా చెప్పాలో, ఆ చెప్పే పనినే వృత్తిగా చేసుకునే వీలుందో లేదో నాకు తెలియదు.

మొదటి ఆదివారం నన్ను నిరాశపరిచింది. ఆ రోజంతా పీహెచ్‌డీ చేసి ఉన్నత పదవులకు చేరినవారి గురించిన ప్రసంగాలతోనే గడిచింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందిన వై.వి. రెడ్డి గారు, ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి పొందిన దువ్వూరి సుబ్బారావు గారు ఒకరి తర్వాత ఒకరుగా 2003 నుంచి 2013 వరకు రిజర్వు బ్యాంకు గవర్నర్లుగా ఉన్న మాట నిజమే, అది మనందరికీ గర్వకారణమే. అయితే ఇద్దరూ ప్రభుత్వంలోకి వచ్చింది సివిల్స్ రాసి, 1964లో ఒకరు, 1972లో ఇంకొకరు. వారి ఉదాహరణ చూపి పరిశోధన పట్టాయే ఆ తలుపు తెరిచిందన్న భావన కలిగించడం, ముప్పై దాటబోతున్న విద్యార్థులను తప్పుదారి పట్టించడమే అవుతుంది. పరిశోధనశాల నుంచే విధాన రంగంలోకి నడిచివచ్చినవారి గురించి చెప్పదలిస్తే తెనాలి ప్రాంతం నుంచి వచ్చిన యలవర్తి నాయుడమ్మ గారు ఉండనే ఉన్నారు. మద్రాసులోని కేంద్రీయ తోలు పరిశోధన సంస్థలో శాస్త్రవేత్తగా, సంచాలకుడిగా పనిచేసి, 1971లో దేశంలోని ప్రభుత్వ పరిశోధనశాలలను నడిపే సీఎస్ఐఆర్‌కు డైరెక్టర్ జనరల్ అయిన ఆయన పేరు ఆ రోజు ఒక్కసారి కూడా వినిపించలేదు.

ఈ కోర్సుకు విలువ తెచ్చినవి మూడో, నాలుగో ఆదివారాలు. సచివాలయంలో చాలాకాలం పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక అధికారి ఆ రెండు రోజులూ మాకు నోట్ రాయడం నేర్పారు. సచివాలయంలో ఒక విషయం ఎలా కదులుతుందో ఆయన వివరించిన తీరు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టే ఉంది. వచ్చిన ఉత్తరాలు, నివేదికలు, వినతులు అన్నీ కరెంట్ ఫైల్లో ఉంటాయి; వాటి మీద కింది నుంచి పైదాకా ఒక్కొక్క అధికారి రాసే అభిప్రాయం నోట్ ఫైల్లో, ప్రతి పేరాకు వరుస సంఖ్యతో ఉంటుంది. ఇప్పుడు ఇదంతా ఈ-ఆఫీస్‌లోకి మారినా పద్ధతి మాత్రం అదే. మన పరిశోధన పత్రం ఎంత గొప్పదైనా కరెంట్ ఫైల్లో ఒక కాగితంగానే ఉండిపోతుంది. అందులోని ఒక వాక్యం సెక్షన్ ఆఫీసర్ రాసే నోట్‌లోకి ఎక్కినప్పుడే అది ప్రభుత్వం మాటగా మారే అవకాశం వస్తుంది. కాబట్టి ఆ సెక్షన్ ఆఫీసర్ ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాసుకోగలిగిన వాక్యాన్ని మనమే రాసి పంపాలని ఆయన బోధన.

నేను ఆరు పేజీల నోట్ రాసి తీసుకువెళ్ళాను. మొదటి రెండు పేజీలు ఫ్లోరైడ్ భూగర్భ జలాల్లోకి ఎలా చేరుతుందనే దాని మీదే ఉన్నాయి. ఆయన వాటిని చదివి, ఎర్ర సిరాతో అడ్డంగా ఒక గీత గీసి, "అమ్మా, ఈ కాగితం ఎవరి బల్ల మీదికి పోతుంది?" అని అడిగారు. గ్రామీణ నీటి సరఫరా శాఖకని చెప్పాను. "శాఖకు బల్ల ఉండదమ్మా. ఏ అధికారి? ఆయన సంతకంతో ఏ పని జరుగుతుంది?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాత ఆయన వేలు పెట్టి చూపించిన సంగతి నా సిద్ధాంత గ్రంథాన్నే మార్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాన్ని అనుసరించి లీటరుకు 1.5 మిల్లీగ్రాములను నేను హద్దుగా తీసుకున్నాను. మన ఇంజనీర్లు పాటించాల్సినది ఏ ప్రమాణమని ఆయన అడిగారు. భారతీయ ప్రమాణాల సంస్థ వారి ఐఎస్ 10500 తాగునీటిలో ఫ్లోరైడ్‌కు ఆమోదయోగ్య పరిమితిని 1.0గానే పెట్టింది, మరో నీటి వనరు లేనప్పుడు మాత్రమే 1.5 వరకు అనుమతిస్తుంది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ కింద ఊరికి నది నీళ్ళు వస్తున్నాయంటే అక్కడ మరో వనరు ఉన్నట్టే కదా, అప్పుడు 1.2 ఉన్న బోరును తాగునీటికి సరేనని ఎలా వదిలేస్తామన్నది ఆయన ప్రశ్న. నేను "సురక్షితం" అని పట్టికలో ఆకుపచ్చ రంగు వేసిన బోర్లలో కొన్ని ఆ ఒక్క ప్రశ్నతో మళ్ళీ లెక్కలోకి వచ్చాయి. నాలుగేళ్ళుగా ఆ ప్రమాణాన్ని ఉటంకిస్తూ వచ్చిన నేను, దానిలోని షరతును పాలన దృష్టితో ఎప్పుడూ చదవలేదు. చివరికి నా నోట్ ఒకటిన్నర పేజీకి దిగింది. ఏ ఊళ్ళలో ఏ బోర్లకు హెచ్చరిక బోర్డు పెట్టాలి, ఎవరి ఉత్తర్వుతో పెట్టాలి, ఎంత ఖర్చవుతుంది అన్నవే అందులో మిగిలాయి. ఈ రెండు ఆదివారాలకే 18,000 రూపాయలు చెల్లించమన్నా నేను చెల్లించేదాన్ని.

ఐదో ఆదివారం బడ్జెట్ పుస్తకాలు చదవడం నేర్పారు. తాగునీరు, పారిశుద్ధ్యానికి రెవెన్యూ ఖర్చు 2215 పద్దు కింద, మూలధన వ్యయం 4215 పద్దు కింద వస్తాయని, మేజర్ హెడ్ (ప్రధాన పద్దు) నుంచి ఆబ్జెక్ట్ హెడ్ (ఖర్చు రకాన్ని తెలిపే చివరి పద్దు) వరకు ఆరు అంచెలు దిగితే ఒక్కొక్క పనికి ఎంత కేటాయించారో కనిపిస్తుందని, ఆ కేటాయింపు పక్కన కాగ్ నివేదిక పెట్టుకుని చదివితే అసలు ఖర్చు తెలుస్తుందని సాధన చేయించారు. శాస్త్ర విద్యార్థులకు ఇది ఇంకెక్కడా దొరకని పాఠం. దీన్ని రెండు రోజులకు పెంచి, మొదటి ఆదివారాన్ని పూర్తిగా తీసేస్తే కోర్సు బాగుపడుతుంది.

ఇక అసలు ఉద్యోగాల విషయంలో ఈ కోర్సు చాలా బలహీనంగా ఉంది. మనలో చాలామంది పీహెచ్‌డీలో చేరేసరికి ఇరవై నాలుగు, ఇరవై ఐదేళ్ళు దాటుతాయి; పట్టా చేతికి వచ్చేసరికి ముప్పై. కాబట్టి ఈ విద్యార్థులకు మొట్టమొదట చెప్పాల్సినది వయోపరిమితి. అలాంటిది, పార్లమెంటు సభ్యుల దగ్గర శాసన సహాయకులుగా పనిచేసే లాంప్ ఫెలోషిప్ మీద ఒక పూట మొత్తం గడిపారు. చట్టసభల పనిని అధ్యయనం చేసే పీఆర్ఎస్ అనే సంస్థ నడుపుతున్న ఆ కార్యక్రమం మంచిదే, కానీ దానికి గరిష్ఠ వయసు 25 సంవత్సరాలు. తరగతిలో ఉన్న ఇరవై మందికి పైగా విద్యార్థుల్లో దానికి అర్హులు ఒక్కరూ లేరు. ఇండియన్ ఎకనామిక్ సర్వీస్‌కు అర్థశాస్త్రంలో పీజీ ఉండాలని, వయసు 30 దాటకూడదని స్లైడులో చివరి వరుసలో చిన్న అక్షరాల్లో రాశారు. నిజానికి పరిశోధకులకు మినహాయింపు ఇచ్చే చోట్లను ముందుగా చెప్పాలి. రిజర్వు బ్యాంకు తన ఆర్థిక, విధాన పరిశోధన విభాగంలోకి గ్రేడ్-బి అధికారులను తీసుకునేటప్పుడు సాధారణ పరిమితి 30 అయినా, పీహెచ్‌డీ ఉన్నవారికి 34 వరకు అనుమతిస్తుంది. ఈ సంగతి నా పక్కన కూర్చున్న అర్థశాస్త్ర విద్యార్థి లేచి చెబితే గాని తరగతికి తెలియలేదు.

ఇంకొక లోపం నన్ను మరింత బాధించింది. వారు పంచిన పట్టికలో అన్ని పరీక్షలకూ జనరల్ కేటగిరీ వయసే ఉంది. సివిల్స్‌కు 32 అని రాశారు కాని, ఓబీసీలకు మరో మూడేళ్ళు, ఎస్సీ, ఎస్టీలకు మరో ఐదేళ్ళు సడలింపు ఉంటుందని రాయలేదు. మా తరగతిలో తమ ఇంట్లో మొదటిసారి డిగ్రీ దాటి చదువుతున్నవారే ఎక్కువ. ఆ పట్టిక చూసి ఇక తనకు దారి లేదని ఒకమ్మాయి మధ్యాహ్న భోజనం దగ్గర కంటతడి పెట్టుకుంది. ఆమెకు ఇంకా నాలుగేళ్ళ వ్యవధి ఉంది. పరీక్షల సంగతి చెప్పడమే పనిగా పెట్టుకున్నవారు ఈ రెండు వరుసలు రాయకపోవడాన్ని చిన్న పొరపాటుగా నేను తీసుకోలేను. అదే విధంగా లేటరల్ ఎంట్రీ గురించి, అంటే బయటి నిపుణులను నేరుగా ప్రభుత్వ ఉన్నత పోస్టుల్లోకి తీసుకునే పద్ధతి గురించి, ఎంతో ఉత్సాహంగా చెప్పారు. 2018లో పది జాయింట్ సెక్రటరీ పోస్టులతో అది మొదలైందన్నారు, కానీ 2024 ఆగస్టులో 45 పోస్టులకు ఇచ్చిన ప్రకటనను రిజర్వేషన్లు లేవన్న విమర్శల మధ్య కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారన్న సగం వదిలేశారు.

నా వంటి శాస్త్ర విద్యార్థులకు యూపీఎస్సీ నిర్వహించే కంబైన్డ్ జియో-సైంటిస్ట్ పరీక్ష ఒకటి ఉంది. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థలో రసాయనవేత్తల పోస్టులు, కేంద్ర భూగర్భ జల మండలిలో పోస్టులు దాని ద్వారానే భర్తీ అవుతాయి. అది కోర్సులో ఎక్కడా లేదు, నేనే వెతికి తెలుసుకున్నాను. నీతి ఆయోగ్ యంగ్ ప్రొఫెషనల్ ఉద్యోగాలు, కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం ఇచ్చే విధాన ఫెలోషిప్పుల గురించి మాత్రం వివరంగా, సరిగ్గా చెప్పారు. ఇవి కాలపరిమితి గల కాంట్రాక్టులేనని దాచకుండా చెప్పినందుకు ఆ రోజు బోధించినవారిని మెచ్చుకోవాలి.

విదేశాల గురించిన తరగతిని తొందరగా ముగించారు, అదే మేలు. అమెరికాలోని శాస్త్ర సంఘం ఏఏఏఎస్ 1973 నుంచి నడుపుతున్న విధాన ఫెలోషిప్పులు అక్కడి పౌరులకే పరిమితం. బ్రిటన్ పార్లమెంటు శాస్త్ర సాంకేతిక కార్యాలయంలో పీహెచ్‌డీ మధ్యలో మూడు నెలలు పనిచేసిన ఒక తెలుగమ్మాయి వీడియోలో మాట్లాడింది. అక్కడ చదువుతున్నవారైనా తమ ఫెలోషిప్ ఇచ్చే సంస్థ అనుమతిస్తేనే వెళ్ళగలరని, సభ్యుల కోసం రాసే నివేదిక నాలుగు పేజీలకు మించకుండా చూసుకోవడమే అన్నిటికంటే కష్టమైన పనని చెప్పింది. మన దగ్గర చదువుతున్నవారికి ఇందులో నేరుగా ఉపయోగపడేది ఆ చివరి మాటే.

ఉద్యోగం వెతకడంలో సహాయం చేస్తామని ప్రకటనలో రాశారు. వాస్తవంలో అది ఒక వాట్సాప్ గ్రూపు. అందులో అందరికీ అందుబాటులో ఉన్న ప్రకటనల లింకులు వస్తాయి. రద్దయిన ఒక తరగతికి బదులు ఇస్తామన్న రికార్డింగు నాకు ఐదు వారాల తర్వాత అందింది. చేరబోయేవారు పాఠ్యక్రమాన్ని ముందుగా కాగితం మీద అడిగి తీసుకుని, అందులో నోట్ రాయడానికి, బడ్జెట్‌కు ఎన్ని గంటలు ఉన్నాయో చూసుకోవాలి. మూడో, నాలుగో ఏడాదిలో ఉండి, చేతిలో సొంత దత్తాంశాలు ఉన్నవారికి ఈ కోర్సు బాగా ఉపయోగపడుతుంది. మొదటి ఏడాదివారు ఆగడం మంచిది, ఎందుకంటే నోట్ రాయడానికి వారి దగ్గర ఇంకా విషయం ఉండదు. కేవలం పోటీ పరీక్షల సమాచారం కోసమైతే ఎవరూ డబ్బు కట్టనవసరం లేదు. నోటిఫికేషన్లు శ్రద్ధగా చదివితే చాలు.

బోధన అంతా ఇంగ్లీషులోనే సాగింది. ఎనిమిదో ఆదివారం, నా నోట్‌ను గ్రామ పంచాయతీకి పంపేలా తెలుగులో కూడా రాయవచ్చా అని ఆ విశ్రాంత అధికారిని అడిగాను. తెలుగును అధికార భాషగా చేసిన చట్టం 1966లోనే వచ్చిందని, ఇంతవరకు ఏ విద్యార్థీ తనను ఈ ప్రశ్న అడగలేదని అంటూ అక్కడే రాయమన్నారు. నేను రాసినదాంట్లో "ఆమోదయోగ్య పరిమితిని మించిన సాంద్రత" అన్న మాటల కింద గీత గీసి, పంచాయతీ కార్యదర్శి దీన్ని బోర్డు మీద ఏమని రాయించాలని అడిగారు. "ఈ బోరు నీళ్ళు తాగడానికీ వంటకూ వాడవద్దు. స్నానానికీ బట్టలకూ వాడుకోవచ్చు" అని మార్చి రాశాను. ఆ పని అరగంటలో ముగిసింది. దానికి ఒక ఆదివారం మొత్తం కేటాయించాలని అభిప్రాయ పత్రంలో రాసి ఇచ్చాను.